మా అబ్బులు నేల దిగిన ఏడాది

వెంకటరమణమ్మగారి మనవడు అడుగులేశాడని మా ఇంటికి అరిసెలు వచ్చిన రోజు మా అమ్మ వాటిని ముట్టుకోలేదు.

మా వైపు అలవాటు మీకు తెలిసే ఉంటుంది. పిల్లవాడు బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం, అడుగులేస్తే అరిసెలు పంచుతాం. మేం క్రైస్తవులం. వెంకటరమణమ్మగారు కొబ్బరితోటలున్న రైతుల ఇంటావిడ. అయినా అరిసెల దగ్గర అందరం ఒకటే. ఆవిడ స్టీలు డబ్బా పట్టుకుని కాలవగట్టు మీద తనే నడిచి వచ్చింది.

"ఏమే బుచ్చమ్మా, మావాడు గుమ్మం దగ్గర్నుంచి గాదె దాకా నడిచేసేడే! మీవాడు మావాడికన్నా ముందు పుట్టేడు కదా, మీ అరిసెలెప్పుడు?"

"వేత్తాడండి అమ్మగారూ. కాస్త బొద్దు పిల్లోడు కదండీ, బరువు మొయ్యాలి కదండీ కాళ్ళు" అంది మా అమ్మ.

"మావాడు మటుకు బక్కోడా ఏంటే?"

ఆవిడ నవ్వుతూనే అంది. మనసులో ఏమీ లేదు. ఆవిడ వెళ్ళాక మా అమ్మ డబ్బా మూత పెట్టి అటక మీదికి తోసేసింది. నా భార్య రూతు వరండాలో మా అబ్బులుని చంకనేసుకుని నిలబడి, వాడి పాదాలు పట్టుకుని చూస్తోంది. నేనూ చూశాను. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరి కళ్ళూ ఆ రెండు పాదాల మీదే ఉండేవి.

ఇదంతా డెబ్బై ఎనిమిదో సంవత్సరం మాట. దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. నీళ్ళంటే అందరికీ గుండెల్లో దడగా ఉండేది. మేమేమో నీళ్ళ పక్కనే కాపురం. నాది కొత్తపేట అవతల కాలవ లాకుల దగ్గర లస్కరు ఉద్యోగం. లాకులంటే తెలియనివాళ్ళకి చెబుతాను. కాలవలో ఎగువ నీళ్ళు ఎత్తుగా, దిగువ నీళ్ళు పల్లంగా ఉంటాయి. పడవ వస్తే దాన్ని రెండు పెద్ద తలుపుల మధ్య ఆపుతాం. గేరు తిప్పి తూము ఎత్తితే నీళ్ళు నిండుతాయి, పడవ నీళ్ళతోపాటు పైకి లేస్తుంది. అప్పుడు పై తలుపులు తీస్తాం. అదీ మన పని. ఉండటానికి లాకుల పక్కనే గవర్నమెంటు వారి క్వార్టరు. ఒక గది, వంటిల్లు, వరండా. వరండా మెట్లు దిగితే నాలుగు బారల్లో కాలవ.

మాకన్నా ముందు ఆ క్వార్టర్లో ఉన్న లస్కరు పేరు వీరాస్వామి. ఆయన కూతురు అడుగులు నేర్చిన కొన్నాళ్ళకే కాలవలో పడి చనిపోయింది. ఆయన బతిమాలుకుని బదిలీ చేయించుకున్నాడు. ఆ ఖాళీలోకి నేను వచ్చాను. మేం చేరిన రోజున వంటింటి గోడకి మోకాలెత్తున బొగ్గు గీతలు కనిపించాయి. అడ్డదిడ్డంగా, చిన్నపిల్లల గీతలు. నేను సున్నం కలిపి గోడలన్నీ వేస్తుంటే ఆ చోటుకి రాగానే రూతు నా చేతిలో బ్రష్ పట్టుకుని ఆపింది.

"అది వదిలెయ్యండి."

"ఎందుకే, చూసినప్పుడల్లా బాధ కదా?"

"చూడాలండి. మర్చిపోకూడదు."

అప్పటికి అబ్బులు ఆమె కడుపులో ఉన్నాడు. వాడికి మా నాన్న పేరు, అబ్రహాము అని పెట్టుకున్నాం. పిలుపు మాత్రం అబ్బులు.

వాడి రోజు ఎలా గడిచేదో చెబుతాను. అందులోనే ఉంది అసలు సంగతి, మాకే తెలియలేదు. పొద్దున్నే మా అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళమీద వాణ్ణి పడుకోబెట్టి నువ్వుల నూనె రాసి, చేతులూ కాళ్ళూ లాగి, నీళ్ళు పోసేది. వాడు లాకుల అవతలికి వినబడేలా ఏడ్చేవాడు. తరవాత సాంబ్రాణి పొగ, ఉగ్గు, చీర ఉయ్యాల. లేచాక రూతు చంక. రూతుకి పని ఉంటే మా అమ్మ చంక. ఇద్దరికీ పని ఉంటే వరండా. వరండాలో మాత్రం ఊరికే వదిలేవాళ్ళం కాదు. మా అమ్మ పాత చీర ఒకటి పొడుగ్గా చింపి, ఒక కొస వాడి నడుముకి, రెండో కొస స్తంభానికి కట్టేది. చీర మెత్తగా ఉంటుంది, ఒరుసుకోదు. వాడు దాని మేరకు పాకేవాడు, పీట మీద కొట్టేవాడు, చీమల్ని పట్టుకునేవాడు. వచ్చినవాళ్ళు చూసి "ఎంత జాగర్తండీ బుచ్చమ్మగారిది" అనేవారు. మాకూ గొప్పగానే ఉండేది.

ఏడాది నిండాక వాడికి జ్వరం వచ్చింది. ఊళ్ళో కాంపౌండరు ఇంజెక్షన్ చేశాడు, తగ్గింది. కానీ ఆ తరవాత నెలలు గడిచినా వాడు నడవలేదు. స్తంభం పట్టుకుని నిలబడతాడు, కాసేపు ఊగుతాడు, కూలబడతాడు. చర్చికి వచ్చే ఒకాయన చూసి "పోలియో ఏమోనయ్యా ఏసుదాసూ, జొరం తరవాతే కదా కాళ్ళు పడిపోతాయి" అని వెళ్ళిపోయాడు. ఆయన ఆ మాట అనేసి మర్చిపోయి ఉంటాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు. మా ఊరి నుంచి కొత్తపేట వెళ్ళే దారిలో ఒక కుర్రాడు రెండు చేతుల్తో చెప్పులు తొడుక్కుని నేలమీద పాకుతూ కనిపించేవాడు. అంతకు ముందు వాణ్ణి చూసి అయ్యో అనుకుని వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు సైకిలు దిగి చూస్తూ నిలబడిపోయేవాణ్ణి.

రోజూ సాయంత్రం డ్యూటీ దిగాక చీపురుపుల్లతో అబ్బులు అరికాలు గీసేవాణ్ణి. కాలు లాక్కుంటే కాస్త ఊపిరి ఆడేది. కుడికాలు కొంచెం ఆలస్యంగా లాక్కుంటున్నాడని ఒక రోజు అనిపించేది. మర్నాడు ఎడమది అనిపించేది. వాడికి అదొక ఆట, కిలకిలా నవ్వేవాడు.

"మీరలా గీకి గీకి ఉన్న కాళ్ళు పోగొట్టేలా ఉన్నారు" అంది రూతు.

అరిసెల డబ్బా వచ్చిన మర్నాడు వాణ్ణి తీసుకుని బస్సెక్కాం, అమలాపురం. సత్యనారాయణమూర్తి డాక్టరుగారని పిల్లల వైద్యుడు. చిన్న సుత్తితో వాడి మోకాళ్ళమీద కొట్టారు. కాలు ఎగిరింది. రెండోది కూడా ఎగిరింది. పాదాలు వంచి చూశారు, తొడలు నొక్కి చూశారు.

"పోలియోలా లేదయ్యా. ఇంట్లో పొద్దున్నుంచీ వీడేం చేస్తాడు?"

రూతు ఉత్సాహంగా అంతా చెప్పింది. నూనె, నీళ్ళు, ఉయ్యాల, చంక.

"బాగుందమ్మా. మరి నేలమీద ఎప్పుడుంటాడు?"

"వరండాలో ఉంటాడండి. కట్టేస్తామండి."

"ఏం కట్టేస్తారు?"

"వాణ్ణేనండి."

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "దూడని కూడా కాసేపు ఇప్పి వదుల్తారు కదమ్మా! సరే, వీడు లేచి అడుగెయ్యబోతే ఏమౌతుంది?"

నాకు అప్పుడు అర్థమైంది. రూతుకీ అర్థమైంది కాబోలు, తల దించుకుంది. నేనే చెప్పాను. "గుడ్డ లాగేస్తుందండి. కూలబడతాడండి."

"మరి వాడు నేర్చుకున్నది అదే. అడుగేస్తే పడతానని నేర్చుకున్నాడు. ఇప్పి నేలమీద వదలండి. నడుస్తాడనే అనుకుంటున్నాను. ఎండలు ముదిరేలోపు నడవకపోతే మటుకు కాకినాడ పెద్దాసుపత్రికి తీసికెళ్ళాలి. అప్పుడు సంగతి వేరు."

ఆ చివరి మాట బస్సులో దారి పొడుగునా నా చెవిలో తిరిగింది.

ఇంటికి రాగానే చీరగుడ్డ విప్పబోయాను. రూతు నా చెయ్యి పట్టుకుంది.

"విప్పకండి."

"డాక్టరుగారు చెప్పేరు కదే!"

"ఆయనకేమండీ, అమలాపురంలో మేడమీదుంటారు. ఆ వీరాస్వామిగారి పాప నడిచినందుకే కదండీ పోయింది? నడవకపోతే ఇంట్లో ఉండేది."

మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే వాడు నడవడేమోనని ఏడుస్తూనే, వాడు నడవనన్నాళ్ళూ కాలవ భయం లేదని నా మనసులో కూడా ఓ మూల ఉంది. ఆ మాట రూతు పైకి అంది, నేను అనలేదు, అంతే.

"పోనీ నీళ్ళు లేనిచోట వదుల్దాం" అన్నాను.

చెప్పడం తేలిక. కోనసీమలో నీళ్ళు లేనిచోటు ఎక్కడుందో చెప్పండి! రూతు పుట్టిల్లు కె.గంగవరం దగ్గర, అక్కడ పెరట్లోనే చెరువు. వెంకటరమణమ్మగారి వాకిలి విశాలమే కానీ చుట్టూ తోటలోకి నీళ్ళు పారే బోదెలు. బడి ముందు పంటకాలవ. సంత దగ్గర మురుగ్గుంట. ఆలోచించి ఆలోచించి చివరికి మా చర్చి దొరికింది. రోడ్డు పక్కన మెరక మీద కట్టారు. చుట్టూ గోడ, లోపల సిమెంటు గచ్చు. బెంచీలు లేవు, ఆదివారం చాపలు పరుచుకుని కూర్చుంటాం. మిగతా రోజులు ఖాళీ.

పాస్టరుగారిని అడిగితే తాళం చేతిలో పెట్టారు. "దేవుడి ఇల్లేనయ్యా, నడవనీ. ఉచ్చ పోస్తే మటుకు నువ్వే కడగాలి."

"ఆయ్, అలాగేనండి."

పొద్దున్నే నీళ్ళ మట్టం రాసుకుని, పడవలు లేని వేళ చూసుకుని వాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళేవాణ్ణి. వడ్రంగి చేత మూడు చక్రాల బండి చేయించాను. వాడు దాన్ని పట్టుకుని నిలబడే బదులు తిరగేసి చక్రాలు తిప్పుతూ కూర్చున్నాడు. వారం తరవాత తోయడం మొదలెట్టాడు. గడగడా గోడదాకా తోసి, గోడ తగిలితే వెనక్కి తిప్పడం రాక ఏడ్చేవాడు. బండి ఉన్నంతసేపూ బాగానే ఉండేది. బండి తీసేస్తే మాత్రం ఒక పని చేసేవాడు. ఒక చెయ్యి వెనక్కి పెట్టి నడుము తడుముకునేవాడు. అక్కడ గుడ్డ ఉందేమోనని. తడుముకుని కూర్చుండిపోయేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ చర్చిలో ఎటు చూడాలో తెలియలేదు.

"అబ్బులూ, లేదురా, ఇప్పేసేను. చూడు, లేదు" అని వాడి చేత్తోనే వాడి నడుము తడిమించేవాణ్ణి. వాడికేం తెలుస్తుంది!

ఎండలు మొదలయ్యాయి. కొబ్బరాకులు తెల్లగా మెరుస్తున్నాయి. ఇంకొన్నాళ్ళకి కాకినాడ బస్సు ఎక్కాలేమోనని రూతు వాడి బట్టలు రెండు జతలు ఉతికి సంచిలో పెట్టింది.

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. మా దగ్గర ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు, మధ్యలో నడవడానికి దారి. పాస్టరుగారు వాక్యం చదువుతున్నారు. అబ్బులు రూతు ఒళ్ళోంచి జారి, ముందు కూర్చున్న ముసలమ్మ భుజం పట్టుకుని లేచాడు. నాకు అది మామూలే. తరవాత చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. అదీ మామూలే. ఇక కూర్చుంటాడని చూస్తున్నాను. కూర్చోలేదు. ముసలమ్మ భుజం వదిలేశాడు.

ఒక అడుగు. కుడికాలే ముందు వేశాడు. నేను ఆ కాలివైపే చూస్తున్నాను, ఈడుస్తున్నాడా, ఎత్తి వేస్తున్నాడా అని. ఎత్తి వేశాడు. మధ్య దారిలోకి వచ్చి ఆగి, తాగినవాడిలా అటూ ఇటూ ఊగాడు. నేను చేతులు చాపబోయాను.

"ఒరే దాసూ, చెయ్యి పెట్టకురా! రానీ!" అని మా అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి గట్టిగా అరిచింది.

పాస్టరుగారు చదవడం ఆపేశారు. చర్చి చర్చంతా తల తిప్పింది. వాడు నా వైపు చూసి నవ్వాడు. నా దగ్గరికే వస్తున్నాడనుకున్నాను. నా పక్కనుంచి వెళ్ళిపోయి, పాటలకి డోలక్ వాయించే ప్రకాశరావు ముందు నిలబడి, డోలక్ మీద రెండు చేతుల్తో ఒక్క దెబ్బ కొట్టాడు.

"ఈవేళ ప్రసంగం వీడే చెప్పేసేడు. అందరూ ఆమేన్ అనండి" అన్నారు పాస్టరుగారు.

అందరూ అన్నారు. రూతు అనలేదు. బయటికి వచ్చాక గోడ పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చూసినవాళ్ళు సంతోషం అనుకున్నారు. నాకు మాత్రం చెప్పింది.

"రేపట్నుంచి ఎలాగండీ?"

మా అమ్మ ఆ వారమే అరిసెలు చేసి ఊరంతా పంచింది. వెంకటరమణమ్మగారి డబ్బా నిండా పోసి పంపింది. నేను సెక్షన్ ఆఫీసరుగారిని అడిగి క్వార్టరు చుట్టూ కొబ్బరాకుల దడి కట్టాను. ఇంతలో ఎండాకాలం కాలవ కట్టేశారు. ఏటా మరమ్మతుల కోసం నీళ్ళు ఆపేస్తారు. కాలవ అడుగున ఇసుక తేలింది. మా ప్రాణాలు హాయిగా కుదుటపడ్డాయి. సాయంత్రం చల్లబడ్డాక దడి తలుపు తీసి వాణ్ణి వదిలేవాళ్ళం. మెట్లు దిగడం, గట్టు జారడం, ఇసుకలోకి పరిగెత్తడం. కాళ్ళు గట్టిపడతాయని నేనే చప్పట్లు కొట్టి ఉసిగొల్పేవాణ్ణి. "దిగరా అబ్బులూ, దిగు!" రూతు కూడా చాన్నాళ్ళకి నవ్వింది.

జూన్‌లో పైనుంచి నీళ్ళు వదిలారు. ఎర్రటి నీళ్ళు నురగ తోసుకుంటూ వచ్చి సాయంత్రానికి గట్లకి తగిలాయి. ఆ పూటే అబ్బులు దడి తలుపు దగ్గర నిలబడి కాలవ వైపు చెయ్యి చూపించి "దిగు, దిగు" అన్నాడు. వాడు నేర్చుకున్న మొదటి మాటల్లో అదొకటి.

కాలవలోకి దారి వాడికి నేర్పింది ఎవరు? నేనే. వాడి లెక్కలో కాలవంటే ఇసుక, ఆట, నాన్న చప్పట్లు. రూతు నా మొహం చూసింది. మర్నాడు అమలాపురం వెళ్ళి మువ్వల పట్టీలు తెచ్చి వాడి కాళ్ళకి పెట్టింది.

"మగపిల్లోడికి మువ్వలేంటే?" అంది మా అమ్మ.

"చప్పుడు వినపడాలత్తా. వినపడినంతసేపూ ఉన్నాడన్నమాటే."

అప్పటినుంచి నా చెవులు రెండు పనులు చేసేవి. ఒక చెవి నీళ్ళ మీద, ఒక చెవి మువ్వల మీద. దడి తలుపుకి తాడు కట్టాం, వాడు దాన్ని నోటితో కొరికి లాగేవాడు. దడి కింద సందు చేశాడు, పూడ్చాను. ఇంకోచోట చేశాడు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం. రూతు పిండిమర దగ్గరికి వెళ్ళింది. మా అమ్మ వరండాలో వాడికి కాపలా. ఎర్రయ్యగారి కొబ్బరికాయల పడవ దిగువ నుంచి వచ్చి లాకులో ఆగింది. నేను తలుపులు మూసి గేరు తిప్పడం మొదలెట్టాను. తూము లేచి నీళ్ళు దూకుతున్నాయి, పడవ మెల్లగా పైకి వస్తోంది. ఎర్రయ్యగారు కింద పడవలో నిలబడి కబుర్లు చెబుతున్నారు. ఉన్నట్టుండి నాకు ఆయన మాటలు తప్ప ఇంకేమీ వినపడటంలేదని తెలిసింది.

మువ్వలు లేవు.

"అమ్మా!" అని కేకేశాను. నీళ్ళ హోరు. "అమ్మా! అబ్బులేడీ?"

జవాబు లేదు. గేరు స్తంభం దగ్గర్నుంచి మా మెట్లు కనపడవు, మధ్యలో లాకు తలుపు అడ్డం. గేరుకి ఆపుడు మేకు అరిగిపోయి చాన్నాళ్ళయింది. చెయ్యి వదిలితే తూము దబ్బున పడుతుంది, నీళ్ళు ఎగదన్ని పడవ గోడకి కొట్టుకుంటుంది. అవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఒక చెయ్యి తీసేశాను.

"వదలకండి దాసుగారూ!" అని ఎర్రయ్యగారు కింద నుంచి అరిచారు. "ఏటయ్యింది?"

"పిల్లోడు! పిల్లోడి చప్పుడు లేదండి!"

"వదలకండి. తిప్పండి. నీళ్ళు లేత్తే నాకు గట్టు కనపడుద్ది. తిప్పండి బాబూ, తిప్పండి!"

తిప్పాను. చేతులు నావి కానట్టు తిరుగుతున్నాయి. పడవ లాకు గోడలో ఒక్కొక్క ఇటుకే దాటుతూ లేస్తోంది. ఎర్రయ్యగారు కొబ్బరికాయల గుట్ట ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడ్డారు. తలపాగా గోడ దాటింది. తరవాత నుదురు. తరవాత కళ్ళు. ఆ కళ్ళు కాలవ గట్టు వెంట అటూ ఇటూ తిరుగుతుంటే నేను వాటినే చూస్తున్నాను. ఒకచోట ఆగాయి.

"ఉన్నాడండి."

నేను గేరు తిప్పుతూనే ఉన్నాను.

"దడి లోపలే ఉన్నాడండి. మెట్టు కాడ చతికిలబడి మట్టి తింటన్నాడు. బుచ్చమ్మగారు స్తంభానికి జారబడి కునుకుతున్నారండి. మట్టి తినొద్దని పిల్లోణ్ణి కేకెయ్యమంటారా?"

"వద్దండి" అన్నాను. "తిననీండి, కడుపునిండా తిననీండి. తలుపులు తీసేదాకా మీరు మటుకు చూపు తిప్పకండి."